వాసన లేని తామర

మంచం మీద వెదురుబుట్ట నోరు తెరుచుకుని ఉంది. అందులో రెండో దుప్పటి పట్టదని ప్రయోంగ్‌కి తెలుసు. గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురు ఫికున్‌కీ తెలుసు. అయినా ప్రయోంగ్ కుక్కుతూనే ఉంది, దుప్పటి ఇంకో మూలనుంచి పైకి లేస్తూనే ఉంది.

"ఎక్కడికి?" అంది ఫికున్.

"చెల్లెలింటికి."

"పండగ పూట."

"పండగ మీకు. నాకేం పండగ."

"నేను నిన్ను పొమ్మన్నానా?"

"'కావాలనే పాడుచేశావు' అన్నావు. పొమ్మనడం కూడా అందులోనే కలిసుంది. దాన్ని మళ్ళీ వేరేగా అడిగి తీసుకోనక్కర్లేదు."

వెనక షెడ్డులోంచి టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది. గాజుగిన్నె అంచుని గోటితో మీటినట్టు సన్నగా, పొడిగా.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆగిపోయారు. తెల్లవారినప్పటినుంచీ ఇదే వరస. మాట మధ్యలో ఉండగానే ఆ చప్పుడు రావడం, ఇద్దరూ నోరు మూసుకుని చెవులొగ్గడం. తామరపువ్వులో మరో రేకు బీట తీసిందన్న మాట.

"విన్నావా?" అంది ఫికున్.

ప్రయోంగ్ దుప్పటి మీద మోకాలు పెట్టి అదిమింది.

ఆవిడ జవాబు చెప్పకపోవడమే ఫికున్‌కి భయంగా ఉంది. ప్రయోంగ్ నోరు విప్పితే సమ్రోంగ్ కాలవ మీద పోయే పడవలు మలుపు మరిచిపోయి నేరుగా ఒడ్డెక్కేసేవని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. అలాంటి మనిషి పొద్దున్నుంచీ లెక్కపెట్టినట్టు మాట్లాడుతోంది.

---

షెడ్డులో ఫికున్ భర్త విరోట్ పువ్వు చుట్టూ తిరుగుతున్నాడు. మనిషి నిలబడితే నడుము దాకా వచ్చే గులాబీరంగు తామర. లేజర్ యంత్రం మీద అక్రిలిక్ షీటుని రేకులు రేకులుగా కోసి, ఒక్కో రేకునీ వేడిచేసి, చెక్క అచ్చు మీద వంచి, రెండు వరుసలుగా దిమ్మకి బిగించారు. దిమ్మలో దీపాల పట్టీ ఉంది. స్విచ్చి వేస్తే వెలుగు రేకుల మొదళ్ళలోకి దూరి, ఒళ్ళంతా పాకి, చెక్కిన ఈనెల్లోంచీ అంచుల్లోంచీ బయటికొస్తుంది. ఈనెల్లోంచే కాదు, ఎక్కడ గీత పడితే అక్కడినుంచి కూడా వస్తుంది. దాని దగ్గర ఏదీ దాగదు.

ఇప్పుడు పైవరుస రేకుల అంచులన్నీ సాలెగూడు పట్టినట్టు బీటలు తీసి ఉన్నాయి.

"వేడి నేనే ఎక్కువ పెట్టానేమో," అన్నాడు విరోట్.

"నువ్వు పెట్టలేదు."

"షీటే మంచిది కాదేమో."

"షీటు మంచిదే. నువ్వు మా అమ్మని వెనకేసుకు రాకు."

"వెనకేసుకు రావడం లేదు. మీ ఇద్దరి మధ్యలో నిలబడటానికి చోటుందేమో చూసుకుంటున్నా."

షెడ్డంతా పన్నీటి వాసన కొడుతోంది. మల్లెపూలూ చందనమూ కలిసిన ఆ వాసన తెలియనివాళ్ళు బాంగ్ ఫ్లీ ఊళ్ళో లేరు. పండగనాడు బుద్ధస్వామి విగ్రహం మీద చల్లేది, పెద్దవాళ్ళ చేతుల్లో పోసేది అదే. బల్లకింద ప్రయోంగ్ గళ్ళ తువ్వాలు ముడతలు పడి ఉంది. ఫికున్ వంగి లాగితే అందులోంచి సీసా బయటపడింది. మూత సరిగా పడక సగం కారిపోయింది.

"ఇదిగో. సాక్ష్యం," అంటూ సీసా బల్లమీద ఠక్కున పెట్టింది.

విరోట్ సీసా ఎత్తి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇది అత్తయ్య ఇంట్లో చేసే పన్నీరు కాదు. కొన్నది. నిండా స్పిరిట్టే."

ఫికున్ గోడకేసి చూసింది. అక్కడ బారెడు అక్షరాలతో తనే రాసి పెట్టింది: కోసిన అంచుకి స్పిరిట్టు తగలనివ్వొద్దు. లేజర్ కోసిన అంచు పైకి నున్నగా ఉంటుందిగానీ లోపల బిగుసుకుని ఉంటుంది, పట్టుదల గల మనిషిలాగ. స్పిరిట్టు చుక్క పడిందంటే ఆ బిగువంతా బీటలై బయటికొస్తుంది. పనిలోకి ఎవరొచ్చినా ముందు ఈ సంగతి చెప్పాకే చేతికి గుడ్డ ఇస్తారు.

"చదువు రాదా ఆవిడకి?" అంది ఫికున్. "ఆరునెల్లుగా అంటూనే ఉంది. 'వాడిపోనిది పువ్వా, నీళ్ళు తాగనిది పువ్వా, వాసన లేనిది పువ్వా' అని. ఏటా రేవు మండపంలో తామరలు పేర్చేది ఆవిడ. ఈసారి ఊరి పెద్దలొచ్చి దీపాల పువ్వు కావాలని నన్నడిగారు. అది కడుపులో పెట్టుకుంది. ఇంకేం కావాలి?"

మాట్లాడుతుంటే చేతులు ఊరుకోలేదు. చేతిలో ఉన్న గుడ్డతో లోపలి వరుస రేకుల మీద దుమ్ము కసిగా తుడిచేసింది. అవొక్కటే బాగున్నాయి. అవైనా తళతళలాడనీ అనుకుంది. తుడిచి తుడిచి గుడ్డని భుజాన వేసుకుంది.

"సాయంత్రం దీపాల వేళకి మండపంలో ఉండాలి," అన్నాడు విరోట్. "రేపు పొద్దున బుద్ధస్వామిని ఊరేగించే పడవ వచ్చేస్తుంది. షీట్ల కొట్టు పండక్కి మూసేశారు."

"తెలుసు."

టిక్.

---

మిట్టమధ్యాహ్నం ప్రయోంగ్ మరిది సవేంగ్ వచ్చాడు. సాయంత్రం తన పడవలో పువ్వుని రేవు మండపానికి చేర్చాల్సినవాడు. పడవకి చోటు చూసుకోడానికి వచ్చానన్నాడుగానీ, చూసింది మాత్రం వంటింటి వైపు. అరటిపండు పెట్టి కొబ్బరాకుల్లో చుట్టిన జిగురన్నం పొట్లాలు అక్కడున్నాయి.

"ఈమాత్రం పగుళ్ళకే ఏడుస్తారా?" అన్నాడు పొట్లం విప్పుతూ. "నా చిన్నతనంలో స్వామి పడవ మీదకి జనం విసిరిన తామరలకి పడవ మునిగిపోయింది. అయినా ఎవరూ గమనించలేదు. పువ్వుల గుట్టే తేలుతూ పోయింది. స్వామి గుడి చేరాక గానీ కింద పడవ లేదని తెలియలేదు."

మామూలు రోజైతే ఈ మాటకి వదిన చేతిలో గరిటె లేచేది. ఆవిడ రేకులు మడిచే వేగం గురించి ఇతను చెప్పే కథ ఇంకా ఘనమైనది. ఒకసారి గుడి ముందు కూర్చుని తామరమొగ్గల రేకులు వరసగా లోపలికి మడుస్తూ మడుస్తూ పక్కనున్న పిల్లి తోకని కూడా మడిచేసిందట. ఆ పిల్లి బతికినన్నాళ్ళూ మొగ్గతోకతోనే తిరిగిందట. సవేంగ్ చెప్పేదాంట్లో సగం తీసేస్తే సరిపోదు, మిగతా సగాన్నీ కడిగి చూసుకోవాలి.

గది తలుపు వేసే ఉంది. వదిన బయటికి రాలేదు.

"వదినకేమైంది?"

"చెల్లెలింటికి పోతోందిట," అన్నాడు విరోట్. "మీ పడవలోనే. మండపం దాటాక బజారు రేవులో దింపమంటోంది. బస్సెక్కుతుందిట."

"పువ్వూ, పువ్వు మీద అలిగిన మనిషీ ఒకే పడవలోనా? నా పడవకి అంత ఓపిక లేదు." సవేంగ్ నమలడం ఆపాడు. "అలిగిందేమిటి అసలు? మొన్న బజారంతా నన్ను తిప్పి చంపింది కదా దానికోసమే."

"దేనికోసం?" అంది ఫికున్.

"పన్నీటికోసం. పువ్వులు నానేసి, కొవ్వొత్తి పొగ పట్టించి తను చేసే పన్నీరుంది కదా, అది ప్లాస్టిక్కు మీద నిలవదంది. ముందే చూసుకుందిట, సబ్బుపెట్టె మీద రాసి. కొట్టువాణ్ణి పీకి పాకం పెట్టింది. 'ఘాటుగా ఉండాలి, వర్షమొచ్చినా పోకూడదు, పొద్దున స్వామి వచ్చేదాకా నిలవాలి' అని. వాడు విసుగెత్తి ఎవరికమ్మా అనడిగాడు."

"ఏమంది?"

"'మా అమ్మాయి పువ్వుకి' అంది."

విరోట్ కిటికీలోంచి కాలవకేసి చూడటం మొదలెట్టాడు.

"ఈ మాటైనా నిజమేనా, చిన్నాన్నా?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?" అన్నాడు సవేంగ్. మళ్ళీ తనే కాస్త ఆలోచించుకుని, "ఇది మాత్రం నిజం," అన్నాడు.

---

ఫికున్ తలుపు తోసింది. ప్రయోంగ్ బుట్టమీద కూర్చుని ఉంది. మూత పడాలంటే అదొక్కటే మార్గం.

"వాసన కోసం చల్లావా?"

"చల్లాను."

"పొద్దున ఆ మాట చెప్పొచ్చుగా."

"చెప్పనిచ్చావా? అయినా ఏమని చెప్పను? ఆరునెల్లు తిట్టిన పువ్వుకి దొంగతనంగా వాసన రాశానని చెప్పనా? అంతకంటే పాడుచేశానని ఒప్పుకోవడమే మర్యాదగా ఉంది."

"గోడమీద రాసుంది కదమ్మా."

"గోడ చూడాలంటే లోపలికి రావాలి. పోయినేడు వేడి గిన్నె తెచ్చి నీ షీటు మీద పెట్టానని గుమ్మం దగ్గర ముగ్గుపిండితో గీత గీశావు, గుర్తుందా? ఇది దాటకు అన్నావు. దాటలేదు. నిన్న సందెపొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు దాటాను. దీపం వేస్తే కనపడతానని మసకచీకట్లోనే చల్లాను."

"ఎందుకమ్మా అంత..."

"స్వామి ముందుకి వాసన లేని పువ్వు పంపిస్తే జనం ఎవర్నంటారు? నన్నా? 'తామరలు మడిచే ప్రయోంగ్ కూతురికి ఈమాత్రం తెలీదా' అంటారు. అది నేను వినలేను." ప్రయోంగ్ బుట్ట మీద సర్దుకుని కూర్చుంది. "పూలపేరు పెట్టుకున్నాను నీకు. ఫికున్ అంటే పొగడపువ్వేగా, ఎండినా వాసన పోదని."

ఫికున్ నోట్లో మాట ఒకటి తిరిగింది. చిన్న మాటే. పళ్ళదాకా వచ్చి అక్కడ కూర్చుంది. క్షమించమనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేని పని. అన్నం ముందుకి జరపడమో, ఫ్యాను ఇటు తిప్పడమో చేసి సరిపెట్టుకునేవాళ్ళు. ఇక్కడ జరపడానికి అన్నమూ లేదు, తిప్పడానికి ఫ్యానూ లేదు.

టిక్.

"ఆ చావు చప్పుడు ఆపలేవా?" అంది ప్రయోంగ్.

"ఒకసారి మొదలైతే దాని దారిన అదే ఆగాలి."

"నీలాగే." ప్రయోంగ్ లేచింది. మూత ఠప్పున పైకి లేచింది. "ఏదీ, చూపించు. ఎంత పాడైందో."

---

గుమ్మం దగ్గర ముగ్గుపిండి గీత ఎప్పుడో చెరిగిపోయింది. అయినా ప్రయోంగ్ అది ఉన్నచోట పాదం ఎత్తి అవతల వేసింది. ఫికున్ అది చూసి తల దించుకుంది.

ప్రయోంగ్ పువ్వు చుట్టూ ఒకసారి తిరిగింది. మొగ్గని చూసినట్టే చూసింది, మెడ పక్కకి వాల్చి.

"పైరేకులే. లోపలివి శుభ్రంగా ఉన్నాయి. అంచులే పోయాయి. బజారు మొగ్గలకి పైరేకులు కమిలిపోతే పారేస్తామా? అంచు లోపలికి మడుస్తాం. కమిలింది లోపలికి పోతుంది."

"ఇది మొగ్గ కాదత్తయ్యా," అన్నాడు విరోట్. "మళ్ళీ వేడి పెడితే బీట ఉన్నచోట తెగొచ్చు."

"తెగితే తెగుతుంది. ఇప్పుడు మాత్రం బాగుందా?"

విరోట్ వేడిగాలి గన్ను తీశాడు. ఫికున్ చేతితొడుగులు తెచ్చి తల్లి ముందు పెట్టింది. ప్రయోంగ్ వాటిని చూసి, "వీటితో మొగ్గ మడిస్తే దానికి సిగ్గేస్తుంది," అందిగానీ తొడుక్కుంది.

మొదటి రేకు ఆవిడ వేళ్ళకిందే తెగిపోయింది. ఆ చప్పుడు టిక్కుకి పెద్దన్న.

"తొందరపడ్డాను," అంది ప్రయోంగ్. "నెమ్మదిగా కానీ అల్లుడూ. రొయ్య కాలుస్తున్నావా ఏమిటి, అలా దగ్గర పెడతావు?"

"దూరంగా పెడితే మెత్తబడదు."

"మెత్తబడుతుంది. పక్కనుంచి పట్టు. ఎదురుగా వెళితే ఎవరు మెత్తబడతారు?"

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

రెండో రేకు వంగింది. కోసిన అంచు లోపలికి తిరిగి, రేకు కొనకి చిన్న నోరులాంటి మడత వచ్చింది. ఫికున్ గీసిన నమూనాలో అది లేదు. యంత్రానికి చెబితే రాదు. ఆ తరవాతి రేకూ వంగింది. తెగిన రేకు చోటుని పువ్వు వెనక్కి తిప్పి, గోడవైపు పెట్టేలా గుర్తు పెట్టుకున్నారు. పొద్దు వాలేసరికి పైవరుసంతా మడతపడింది. చాలాసేపయింది, టిక్కుమన్న చప్పుడు లేదు.

"ఆగినట్టుంది," అన్నాడు విరోట్.

ఫికున్ తల్లికి మంచినీళ్ళ గ్లాసు అందించింది. అదే ఆ ఇంటి భాషలో పెద్ద మాట. ప్రయోంగ్ తాగింది. తాగి గ్లాసు కింద పెట్టి, "నా బుట్ట రేవులోకి తెచ్చిపెట్టు బాబూ," అంది అల్లుడితో.

"అమ్మా. ఇంకా బుట్టేమిటి?"

"పువ్వు బాగుచేస్తానన్నాను. బుట్ట విప్పుతానన్నానా? పొద్దున నువ్వన్న మాట అక్కడే ఉంది. దాన్ని ఎవరూ మడవలేదు."

---

రేవులో సవేంగ్ పడవ ఆగి ఉంది. పువ్వుని మధ్యలో నిలబెట్టి తాళ్ళతో కట్టారు. ముందు కొసన బుట్ట, బుట్ట పక్కన ప్రయోంగ్. కాలవ అటూ ఇటూ మెట్ల మీద ఇరుగుపొరుగు చేరారు. కొందరి చేతుల్లో రేపటి తామరలు అప్పుడే ఉన్నాయి. పడవ తాడు ఫికున్ చేతిలో ఉంది.

"ఇక్కడే ఓసారి వెలిగించి చూడండర్రా," అన్నాడు సవేంగ్. "మండపంలో పదిమంది ముందూ వెలక్కపోతే నా పడవని తిడతారు."

విరోట్ స్విచ్చి వేశాడు.

వెలుగు కిందనుంచి పాకింది. ఈనెలు ఒక్కొక్కటే మేలుకున్నాయి. మడతల్లోకి తిరిగిన బీటలు లోపల్నుంచి వెలిగి, రేకు కొనల్లో మంచుబొట్లు నిలబడ్డట్టు మెరిశాయి. మెట్ల మీదివాళ్ళు మెడలు చాచారు. పన్నీటి వాసన నీళ్ళ మీదుగా వాళ్ళదాకా వెళ్ళింది కాబోలు, ఒక ముసలమ్మ చేతులు జోడించింది.

సవేంగ్‌కి ఏ అబద్ధమూ దొరకలేదు.

ప్రయోంగ్ పువ్వుని చూసింది. తరవాత ఒడ్డుమీద కూతుర్ని చూసింది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది ఫికున్. ఇప్పుడు ఒక్క అడుగు పడవలోకి వేసి ఆ చిన్న మాట అనేయాలి. అడుగు ఎత్తింది కూడా.

టిక్.

అందరూ పైవరుసకేసి చూశారు. అక్కడ ఏమీ లేదు.

టిక్. టిక్.

"లోపలి వరుస," అన్నాడు విరోట్ మెల్లగా. లోపలి రేకుల మీద, ఈనెలకి అడ్డంగా, సన్నటి తెల్లగీతలు లేస్తున్నాయి. వెలుగులో అవి దాక్కోడానికి చోటు లేదు. "లోపలివి బాగానే ఉన్నాయే. వాటికేమైంది?"

సవేంగ్ వదినవైపు తిరిగాడు. "లోపల కూడా చల్లావా వదినా?"

మెట్లమీదవాళ్ళూ ఆవిడవైపే తిరిగారు.

ఫికున్ చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది. గళ్ళ తువ్వాలు. సీసా చుట్టి ఉన్న తువ్వాలు. పొద్దున చేతికి చల్లగా, తడిగా తగిలింది. మాటల కసిలో ఆ తడి ఏమిటో చూసుకోలేదు. చూసుకోకుండా దాంతోనే రేకు రేకూ తుడిచింది. వేళ్ళు ముక్కు దగ్గరకి తేనక్కర్లేదు. వాసన వస్తూనే ఉంది. పొద్దున్నుంచీ తన ఒంటిమీదినుంచే వస్తోంది.

స్పిరిట్టు తగలనివ్వొద్దని గోడమీద రాసింది తను.

ప్రయోంగ్ చూపు కూతురి భుజం దగ్గర ఆగింది. తన తువ్వాలుని ఆవిడ గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? కొంచెంసేపు దానికేసే చూసింది. తరవాత మొహం నీళ్ళవైపు తిప్పుకుంది.

"చల్లాను," అంది. "మసకచీకట్లో ఎక్కడెక్కడ పడిందో నాకేం తెలుసు? అంతా నా చేతిదే. అడిగినవాళ్ళకి అలాగే చెప్పండి."

"అయితే ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు విరోట్.

"వెలుగుతోందిగా. తీసుకుపోదాం." ప్రయోంగ్ బుట్టని దగ్గరికి లాక్కుంది. "పోనీ మరిదీ. నా బస్సు వెళ్ళిపోతుంది."

సవేంగ్ తెడ్డు నీళ్ళలో వేశాడు. "తాడు వదులమ్మాయ్."

పడవ కదిలి తాడు బిగిసింది. ఫికున్ అరచేతిలో అది చర్మాన్ని ఒరుసుకుంటూ ఒక బెత్తెడు జారింది.

"వదలవే," అంది ప్రయోంగ్ తల తిప్పకుండా.

ఫికున్ వదల్లేదు. మెట్లమీద ఊరంతా చూస్తుండగా, రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తి పట్టుకుంది.